కారు అద్దానికి అంటించే క్యూఆర్ స్టిక్కర్: తిరుపతి సందులో వాడి చూశాక

కారు ముందు అద్దానికి అంటించుకునే క్యూఆర్ స్టిక్కర్ గురించి ఈ రివ్యూ. మన బండి ఎవరికైనా అడ్డంగా ఉంటే వాళ్ళు ఆ స్టిక్కర్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తారు, మనకు కాల్ వస్తుంది, మన నంబర్ వాళ్ళకు కనబడదు, వాళ్ళది మనకు కనబడదు. వస్తువు ఇంతే. ఆన్‌లైన్‌లో ఇలాంటివి కొన్ని కంపెనీలవి దొరుకుతున్నాయి, పనిచేసే పద్ధతి ఇంచుమించు ఒకటే కాబట్టి నేను కొన్నది ఏ కంపెనీదో రాయడం లేదు. బాగుందా లేదా అని ఒక్క మాటలో అడిగితే ఇలా చెప్తాను: గేటుకు అడ్డం పెట్టిన బండి విషయంలో చాలా బాగా పనిచేస్తుంది, "ఇది మా ఇంటి ముందు చోటు, నువ్వెందుకు పెట్టావు" అనే గొడవలో ఏమాత్రం పనిచేయదు. ఈ రెండూ వేర్వేరు గొడవలు. మన వీధుల్లో రెండింటినీ కలిపేసి కొట్టుకుంటున్నాం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మా వీధి సంగతి చెప్తే స్టిక్కర్ ఎందుకు కొన్నానో తెలుస్తుంది. తిరుపతిలో లీలామహల్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఇరవై అడుగుల సందు మాది. ఇళ్ళు కట్టిన రోజుల్లో ఇంటికో స్కూటరు ఉండేది, గేటు లోపల పట్టేది. ఇప్పుడు కింద ఓనరు, మేడమీద ఇద్దరు అద్దెవాళ్ళు, పైన పెంట్‌హౌస్‌లో ఇంకొకరు, ఒక్కో ఇంటికి ఒకటో రెండో కార్లు, బైకులైతే లెక్కే లేదు. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోట కొందరు గది కట్టి అద్దెకిచ్చారు, కొందరు షాపు పెట్టించారు. మరి కారు ఎక్కడ పెట్టాలి, వీధిలోనే. ఇరవై అడుగులంటే ఆరు మీటర్లు, అందులో కాలువ మీది బండలు, వీధిలోకి దించిన ఇళ్ళ ర్యాంపులు పోను అయిదు మీటర్లు మిగిలితే గొప్ప. మామూలు చిన్న కారు వెడల్పే 1.7 మీటర్ల దాకా ఉంటుంది, ఇన్నోవా అయితే 1.8 దాటుతుంది. రెండు పక్కలా కార్లు పెడితే మధ్యలో మీటరున్నర. ఆటో కష్టం మీద పోతుంది, చెత్త బండి పోదు, అంబులెన్స్ పోదు, గ్యాస్ సిలిండర్ల బండి సందు మొదట్లోనే ఆగి హారన్ కొడుతుంది, మనమే వెళ్ళి సిలిండర్ దొర్లించుకుని తెచ్చుకోవాలి.

ఇలాంటి చోట ఎవరో ఒకరి గేటుకు ఎవరో ఒకరి బండి అడ్డం పడని రోజు ఉండదు. అడ్డం పడ్డాక మొదటి ప్రశ్న "ఈ బండి ఎవరిది?" అని. వీధి వాళ్ళ బండ్లు ఒకరివి ఒకరికి తెలుసు. తెలియనివి అద్దెవాళ్ళ చుట్టాలవి, పీజీ హాస్టల్ పిల్లలవి, ట్రావెల్స్ బండ్లు, భక్తుల బండ్లు. ఒకప్పుడు ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా బండి, ఏపీ 26 అంటే నెల్లూరు అని నంబర్ చూసి కొంత ఊహించేవాళ్ళం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అని ఒకే సిరీస్ చేశారు, ఇక కొత్త బండి నంబర్ చూసి ఏ ఊరిదో చెప్పలేం. ప్రభుత్వం వాళ్ళ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొడితే ఓనరు పేరు మధ్యలో చుక్కలతో వస్తుంది, ఫోన్ నంబర్ అసలు రాదు. అలా దాచడం సరైనదే, దారిన పోయే ప్రతివాడికీ మన వివరాలు ఎందుకు తెలియాలి. కానీ పొద్దున ఆరు గంటలకు గేటు ముందు నిలబడి బండి బయటికి తీయలేక చూస్తున్న మనిషికి దానివల్ల ఉపయోగం ఏమీ లేదు. ఇంటింటికీ తిరిగి బెల్ కొట్టి "సామీ, ఆ తెల్ల కారు మీదేనా" అని అడగడం, నిద్రలో లేచినవాళ్ళు విసుక్కోవడం, ఇక్కడే సగం తగాదాలు మొదలవుతాయి. బండి పెట్టినవాడు ఇంకా రంగంలోకి రాకముందే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళకు మాట తేడా వచ్చేస్తుంది.

కాగితం మీద మన నంబర్ రాసి డ్యాష్‌బోర్డు మీద పెడితే సరిపోదా అని చాలామంది అంటారు. చాలా రోజులు నేనూ అదే చేశాను, మగవాడిని కాబట్టి పెద్ద ఇబ్బంది రాలేదు. మా వీధిలో ఒక చెల్లెమ్మ స్కూల్లో టీచరు, తన కారులో తానే డ్రైవ్ చేసుకుని పోతుంది. ఆమె కూడా మంచి మనసుతో అలాగే నంబర్ రాసి పెట్టింది. ఆ తర్వాత రాత్రిపూట వాట్సాప్‌లో తెలియని వాళ్ళ మెసేజ్‌లు, వీడియో కాల్స్. కాగితం తీసేసింది, తర్వాత గేటుకు అడ్డం పెట్టి పోయిందని తిట్లు పడింది. ఆమె ఎటు పోవాలి చెప్పండి. నంబర్ కనబడకుండా కాల్ వచ్చే ఏర్పాటు ఉండాలి అని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే. ఈ ఒక్క కారణానికే ఈ వస్తువుకు సగం మార్కులు ఇస్తాను.

ఇక వస్తువు. కవర్‌లో రెండు స్టిక్కర్లు వచ్చాయి, ఒకటి కారుకు, ఒకటి బైకుకు. అరచేతిలో సగం ఉంటుంది, నలుపు తెలుపు కోడ్, కింద "ఓనరును సంప్రదించండి" అని ఇంగ్లీషులో. మన ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి, ఓటీపీ కొట్టి, బండి నంబర్ ఇస్తే రిజిస్టర్ అయిపోతుంది, అయిదు నిమిషాల పని. ఇంకో నంబర్ కూడా ఇవ్వొచ్చు, మనం ఎత్తకపోతే దానికి పోతుంది. దయచేసి ఆ రెండో నంబర్ ఖాళీగా వదలొద్దు, ఇంట్లో ఉండే మనిషిది ఇవ్వండి. ఆఫీసులో ఉన్న మీరు కాల్ ఎత్తి చేసేదేమీ లేదు, తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకే తెలుసు.

అంటించే చోటు ముఖ్యం. కారు స్టిక్కర్‌ను అద్దం లోపలి నుంచి అంటించాలి, డ్రైవర్ సీటుకు అవతలి పక్క కింది మూలలో. బయట అంటిస్తే తిరుపతి ఎండకు ఆగదు, మే నెలలో నలభై దాటిన ఎండలో బండి రోజంతా వీధిలోనే ఉంటుంది కదా. మా పక్కింటాయన బయట అంటించాడు, వైపర్ తగిలి ఒక మూల లేచింది, ఆ లేచిన మూలలో దుమ్ము చేరింది, తెల్లగా ఉండాల్సిన గళ్ళు పసుపు రంగుకు తిరిగి స్కాన్ కావడం మానేసింది. బైకు స్టిక్కర్‌కు ఆ అదృష్టం కూడా లేదు, ఎక్కడ పెట్టినా బయటే. నాది పెట్రోల్ ట్యాంకు పక్కన అంటించాను, పెట్రోల్ చుక్కలు పడి అక్షరాలు చెదిరాయి, కోడ్ మాత్రం ఇంకా పనిచేస్తోంది. బైకుకు హెడ్‌లైట్ కింద అంటించడం మేలు. రాత్రిపూట టార్చ్ సూటిగా కొడితే అద్దం మెరిసి కోడ్ కనబడదు, కొంచెం పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకోవాలి. ఇది తెలియక స్కాన్ కావడం లేదని విసుక్కుని వెళ్ళిపోయినవాళ్ళను చూశాను.

స్కాన్ చేసేవాళ్ళకు యాప్ అక్కర్లేదు. ఫోన్ కెమెరా పెడితే పేజీ తెరుచుకుంటుంది, కారణం ఎంచుకోవాలి: దారికి అడ్డంగా ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, అద్దం దించి ఉంది, బండికి దెబ్బ తగిలింది, ఇలా. తర్వాత నంబర్ ప్లేట్‌లో చివరి నాలుగు అంకెలు కొట్టమంటుంది. ఇది మంచి ఆలోచన, ఎవడో స్టిక్కర్ ఫోటో తీసుకుపోయి ఎక్కడో కూర్చుని ఆటపట్టించడం అంత సులభం కాదు. ఆ తర్వాత మెసేజ్ పంపొచ్చు లేదా కాల్ చేయొచ్చు. పెద్ద లోపం ఒకటుంది, ఆ పేజీలో తెలుగు లేదు, ఇంగ్లీషు, హిందీ అంతే. ఎదురింటి పెద్దమ్మకు కోడ్ చూడగానే డబ్బులు పంపేదని అనిపించి ఫోన్‌పేలో స్కాన్ చేసింది, అది చెల్లదు అని వచ్చింది. ఆమెకు నేర్పించాం, ఇప్పుడు కెమెరాతోనే చేస్తుంది, కానీ ఆ ఇంగ్లీషు లైన్లలో ఏది నొక్కాలో గుర్తుపెట్టుకుని నొక్కుతుంది తప్ప చదివి కాదు. తెలుగు ఊళ్ళలో అమ్ముతూ తెలుగు పెట్టకపోవడం నాకు నచ్చలేదు, కంపెనీకి రాశాను కూడా, త్వరలో వస్తుంది అన్నారు, ఇంకా రాలేదు.

పనిచేసిన సందర్భం ఒకటి చెప్తాను, ఎందుకంటే స్టిక్కర్ మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఎదురింటి అక్క వాళ్ళ అమ్మకు డయాలసిస్. తెల్లవారుజామునే బయల్దేరాలి, మెషీన్ దగ్గర వాళ్ళకిచ్చిన టైం దాటితే మిగతావాళ్ళ టైం కూడా జరుగుతుంది. ఆ రోజు వాళ్ళ గేటుకు అడ్డంగా ట్రావెల్స్ బండి. మా వీధి చివర గదిలో ఉండే ఒక డ్రైవర్ కుర్రాడిది, చెన్నై ఎయిర్‌పోర్టుకు పోయి రాత్రి మూడింటికి వచ్చి చోటు దొరక్క అక్కడ పెట్టి పడుకున్నాడు. ముందైతే ఏం జరిగేదో నాకు తెలుసు, హారన్ కొడతారు, బండిని కాలితో తంతారు, వీధంతా లేస్తుంది, అతను లేచి వచ్చేసరికి పదిమంది చుట్టూ ఉంటారు, అతనూ మాటకు మాట అంటాడు. అంతకు కొన్నాళ్ళ ముందే అతని బండికీ స్టిక్కర్ అంటించి ఉన్నాం. అక్క స్కాన్ చేసింది, మెసేజ్ పోయింది, ఎత్తలేదు, కాల్ కొట్టింది, రెండో నంబర్‌గా ఇచ్చిన రూమ్మేట్‌కు పోయింది, అతను లేపాడు. డ్రైవర్ కుర్రాడు లుంగీ మీదనే పరిగెత్తుకుని వచ్చాడు. "అక్కా, తప్పయిపోయింది, నిద్రలో తెలీలా" అన్నాడు. బండి వెనక్కి తీశాడు, పెద్దామెను ఎక్కించడానికి చెయ్యి కూడా ఇచ్చాడు. అక్క ఒక్క మాట అనలేదు. నేను మేడమీద నుంచి చూస్తున్నాను, కిందికి దిగాల్సిన అవసరమే రాలేదు.

చాలా గొడవల్లో బండి అడ్డం ఉండటం కన్నా ఆ బండి ఓనరు కోసం వెతికే ఆ పావుగంటే మనిషిని పిచ్చెక్కిస్తుంది. ఎవరో తెలియని మనిషి మీద కోపం పెరుగుతూ పోతుంది, మనిషి ఎదురుపడేసరికి మాట అదుపులో ఉండదు. ఆ పావుగంటను రెండు నిమిషాలకు తెస్తే చాలు, మిగతాది జనం తామే సర్దుకుంటారు.

పనిచేయని సందర్భాలు కూడా రాయాలి. కాల్ ఏదో తెలియని నంబర్ నుంచి వస్తుంది, కొన్ని ఫోన్లలో స్పామ్ అని ఎర్రగా చూపిస్తుంది, జనం కట్ చేస్తారు. మొదటి కాల్ రాగానే ఆ నంబర్‌ను "బండి కాల్" అని సేవ్ చేసుకోమని అందరికీ చెప్పాం. కొన్నాళ్ళకు అదే కంపెనీ ఇంకో నంబర్ నుంచి కాల్ పంపింది, మళ్ళీ మొదటికి వచ్చింది. కంపెనీవాళ్ళు ఒకటే నంబర్ పెట్టి, అది స్టిక్కర్ మీదే అచ్చు వేస్తే ఈ సమస్య ఉండదు. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని పడుకునేవాళ్ళ దగ్గర కూడా ఇది పనిచేయదు, సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్క నంబర్ మోగేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు, ఎంతమంది పెట్టుకుంటారు.

తిరుపతికి ప్రత్యేకమైన సమస్య ఇంకొకటి ఉంది, దీన్ని ఏ స్టిక్కరూ తీర్చలేదు. కొండకు వచ్చే భక్తులు కొందరు తమిళనాడు, కర్ణాటక బండ్లలో వచ్చి, పార్కింగ్ వెతుక్కునే ఓపిక లేక మా లాంటి సందుల్లో పెట్టి బస్సెక్కి పైకి పోతారు. టీటీడీ వసతి భవనాలు విష్ణు నివాసం, శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్ల కోసం వచ్చేవాళ్ళు కూడా చుట్టుపక్కల వీధుల్లోనే వదిలేస్తారు. దర్శనం క్యూలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు, డిపాజిట్ చేయాలి. అంటే బండికి స్టిక్కర్ ఉన్నా, కాగితం మీద నంబర్ ఉన్నా, ఆ ఫోన్ ఎక్కడో కౌంటర్‌లో సంచిలో మోగుతూ ఉంటుంది, మనిషి క్యూ కంపార్ట్‌మెంట్‌లో గోవిందనామాలు చెప్పుకుంటూ ఉంటాడు. మరుసటి రోజు దాకా బండి కదలదు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మా వీధిలో సొంత ఇంటికి సొంత బండి తెచ్చుకోవడమే కష్టం. వచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు, స్వామి దర్శనానికి వచ్చారు, పిల్లలతో వచ్చారు, ఊరు కొత్త. అలిపిరి దగ్గర పార్కింగ్ ఉందని దారి పొడవునా అర్థమయ్యేలా, తమిళంలో కన్నడంలో కూడా, ఇంకా ఎక్కువ బోర్డులు పెడితే సగం బండ్లు మా సందుల్లోకి రావు.

అలాంటి బండి గేటుకు అడ్డం ఉంటే 112కు ఫోన్ చేయడమే సరైన పని. పోలీసులు బండి నంబర్‌తో ఓనరు వివరాలు తీయగలరు, మనం తీయలేం. మోటారు వాహనాల చట్టం 1988లో 122వ సెక్షన్ ఇతరులకు అడ్డం, ప్రమాదం కలిగేలా బండి వదలకూడదంటుంది. 127వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ స్థలంలో పది గంటలు, ఆపైన దిక్కు లేకుండా వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది, రాకపోకలకు అడ్డంగా ఉంటే పది గంటలు ఆగనక్కర్లేదు, వెంటనే తీయించొచ్చు, టోయింగ్ ఖర్చు ఓనరుదే. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లో గేటుకు అడ్డంగా, ఫుట్‌పాత్ మీద, ఆగి ఉన్న బండి పక్కన ఇంకో బండిగా పెట్టకూడదని ఉంది. ప్రత్యేకంగా శిక్ష చెప్పని తప్పులకు వేసే 177వ సెక్షన్ జరిమానా 2019 సవరణ తర్వాత మొదటిసారి 500 దాకా, మళ్ళీ చేస్తే 1500 దాకా. అంటే గేటుకు అడ్డం పెట్టడం పక్కవాడి మంచితనం మీద ఆధారపడే విషయం కాదు, అది తప్పు. దీనిలో వాదన అక్కర్లేదు.

ఇంటి ముందు చోటు సంగతి వేరు. స్టిక్కర్ పెట్టాక కూడా మా వీధిలో తగ్గని గొడవ ఇదే. గేటు వదిలి, గోడ వారగా, ఎవరికీ అడ్డం లేకుండా బండి పెట్టినా "మా ఇంటి ముందు పెట్టొద్దు" అంటారు. తెల్ల సున్నం కొట్టిన బండరాళ్ళు పెడతారు, పూలకుండీలు పెడతారు, రెండు పైపులు పాతి గొలుసు కడతారు, "ఇచ్చట వాహనములు నిలుపరాదు, నిలిపిన గాలి తీయబడును" అని బోర్డు రాయిస్తారు. మా వీధిలో ఒక పెద్దాయన, రిటైరైన ఉద్యోగి, ఎవరికైనా కష్టమొస్తే ముందు నిలబడే మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినడు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, పండగకు వస్తాడు, ఆ కారు కోసం ఏడాది పొడవునా ఇంటి ముందు చోటు ఖాళీగా ఉండాలి. "ఇంటి పన్ను కడుతున్నా కదప్పా" అంటాడు. మామా, మీరు కట్టే పన్ను మీ స్థలానికి, మీ కట్టడానికి. గోడ దాటాక ఒక్క అడుగు కూడా మీది కాదు, నాది కాదు, కార్పొరేషన్‌ది, అంటే అందరిదీ. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, అంతకు ముందు మున్సిపాలిటీ, వీధి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ప్రజలదే.

అటువైపు వాదన కూడా తప్పే. "నేను లైఫ్ టాక్స్ కట్టాను, ఎక్కడైనా పెడతా, ఎన్నాళ్ళైనా పెడతా" అనేవాళ్ళు ఉన్నారు. లైఫ్ టాక్స్ బండిని రోడ్డు మీద నడుపుకోవడానికి కట్టేది, పక్కవాళ్ళ కిటికీ కింద కవర్ కప్పి నెలల తరబడి వదిలేయడానికి కాదు. సొంత ఇంట్లో పార్కింగ్ చోటును అద్దెకిచ్చుకుని డబ్బు తీసుకుంటూ, కారు మాత్రం ఎదురింటి వాళ్ళ వాకిట్లో పెట్టేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు వేసే చోట రోజూ ఎవరిదో చక్రం ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ళకు ఎలా ఉంటుంది. చట్టం ముగ్గు గురించి చెప్పదు, నిజమే. పొద్దున ఏడు దాకా వాకిలి వదిలి రెండడుగులు ముందుకు పెడితే పోయేదేముంది.

గాలి తీసేవాళ్ళకు, కీతో గీతలు గీసేవాళ్ళకు ఒక మాట. ఇంటి ముందు చోటు మీదే అయినా అది చేయడానికి వీల్లేదు. ఇంకొకరి వస్తువును పాడుచేయడం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ కింద నేరం. అలాగే 285వ సెక్షన్ పబ్లిక్ దారికి అడ్డం కలిగించేవాళ్ళకు అయిదు వేల దాకా జరిమానా అంటుంది, అది బండి పెట్టినవాడికే కాదు, రాళ్ళు పేర్చి గొలుసు కట్టినవాడికీ వర్తిస్తుంది. రాత్రి చీకట్లో ఆ రాయి తగిలి బైకు మీద నుంచి పడ్డవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఒక కాలేజీ అబ్బాయికి మోచేయి విరిగింది. అయినా ఆ రాయి రెండు రోజులు పక్కకు జరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది.

మళ్ళీ స్టిక్కర్ దగ్గరికి వస్తాను. ఒక్కరు కొంటే దీనివల్ల లాభం తక్కువ, ఎందుకంటే మీ స్టిక్కర్ మీ బండి వల్ల ఇబ్బంది పడేవాళ్ళకు పనికొస్తుంది, మీకు కాదు. మీ గేటుకు అడ్డం పెట్టిన బండికి ఉండాలి కదా అది. అందుకే మేం వీధి మొత్తానికి ఒకేసారి తెప్పించాం, విడిగా కొంటే మూడు వందల పైన పడింది, కలిపి తీసుకుంటే బాగా తగ్గించి ఇచ్చారు. ఇంటి ఓనర్ల దగ్గర కాదు, బండి ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా వసూలు చేశాం, అద్దెవాళ్ళను కూడా కూర్చోబెట్టి మాట్లాడాం. మామూలుగా ఇలాంటి మాటలకు అద్దెవాళ్ళను పిలవరు, "నువ్వు అద్దెకున్నావు, నీకెందుకు" అంటారు. వీధి మీద హక్కు విషయంలో ఓనరు అద్దెవాడు అని తేడా లేదు, ఇది అందరూ ఒప్పుకోవడానికి కొంచెం టైం పట్టింది. ఆ రోజు మాట్లాడుకున్నప్పుడే వారానికోసారి పక్క మార్చుకుని, వీధికి ఒకవైపే కార్లు పెట్టాలని అనుకున్నాం. ఒకవైపే పెడితే మధ్యలో మూడు మీటర్ల పైన మిగులుతుంది, అంబులెన్స్ వస్తుంది, చెత్త బండి లోపలికి వస్తుంది. అందరూ పాటిస్తున్నారని చెప్పను, ఎక్కువమంది పాటిస్తున్నారు. పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు, గొలుసు అలాగే ఉంది. ఆయన కారుకు మాత్రం స్టిక్కర్ అంటించుకున్నాడు.

ఖర్చు విషయంలో ఒక జాగ్రత్త. మొదటి ఏడాది కాల్స్ ఉచితం అని అమ్ముతారు, ఆ తర్వాత ఏటా రెన్యువల్ కట్టాలి, కట్టకపోతే మెసేజ్ మాత్రమే వస్తుంది, కాల్ రాదు. ఇది కవర్ మీద చిన్న అక్షరాల్లో ఉంది, పెద్దగా రాయాల్సిన విషయం. కట్టనివాళ్ళ బండి మీద స్టిక్కర్ అలాగే ఉంటుంది, పాపం స్కాన్ చేసినవాళ్ళు కాల్ పోతోందని అనుకుంటారు. కొనేముందు రెన్యువల్ ఎంతో అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్స్ కాగితం, ఆర్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా దానిలో అప్‌లోడ్ చేయమని అడుగుతుంది, నేను చేయలేదు. ఫోన్ కాల్ కలపడానికి నా ఆర్‌సీ ఎందుకు వాళ్ళకు, డిజిలాకర్‌లో ఉంది, అది చాలు.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. తెలుగు లేనందుకు ఒకటి, కాల్ నంబర్లు మార్చడం, రెన్యువల్ సంగతి స్పష్టంగా చెప్పకపోవడం రెండిటికీ కలిపి అర తీసేశాను. ఇండిపెండెంట్ ఇల్లు ఉండి సొంత పార్కింగ్ ఉన్నవాళ్ళకు కూడా నేను కొనమనే చెప్తాను, ఎందుకంటే మీరు బండి పెట్టేది మీ ఇంట్లోనే కాదు, గాంధీ రోడ్డులో బట్టల కొట్టుకు పోయినప్పుడు, చుట్టాలింటికి పోయినప్పుడు ఇంకెవరి వీధిలోనో పెడతారు. ఆడవాళ్ళు డ్రైవ్ చేసే బండికైతే తప్పకుండా తీసుకోండి, డ్యాష్‌బోర్డు మీద నంబర్ కాగితం ఉంటే ఈ రోజే తీసేయండి. ఇంటి ముందు చోటు గురించి పక్కింటివాళ్ళతో ఇప్పటికే మాటలు ఆగిపోయి ఉంటే మాత్రం దీనిమీద డబ్బు పెట్టకండి, వాళ్ళు స్కాన్ చేయరు, మీరు ఎత్తరు. ముందు వెళ్ళి మాట్లాడండి, కుదరకపోతే వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి, రాళ్ళు గొలుసుల సంగతి కార్పొరేషన్ వాళ్ళు చూడాలి. మేం గొలుసు గురించి ఇంకా అర్జీ ఇవ్వలేదు, సంక్రాంతికి ఆయన కొడుకు వస్తాడు, ముందు అతనితో మాట్లాడదామని ఆగాం.